బడి ఉద్యోగం, ఊరి ఆర్కెస్ట్రా: ఉపాధ్యాయ కళాకారులు తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు గణితం చెప్పే మాస్టారు రాత్రి చవితి పందిట్లో కీబోర్డు ముందు కూర్చోవడం, తెలుగు పండితులు శ్రీరామనవమి నాడు మైకు అందుకుని ఘంటసాల పాట పాడడం మన పట్టణాలలో కొత్త విషయం కాదు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ, చాలాకాలంగా మా పట్టణంలోని ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, ఉద్యోగం వచ్చింది కాబట్టి వాద్యాన్ని అటకెక్కించాలేమోనని దిగులుపడేవారు అడిగే ప్రశ్నలను, వాటికి నాకు తెలిసిన సమాధానాలను ఇక్కడ కూర్చాను. వీటిలో చాలా సమాధానాలు ఒకే కొలమానం మీద ఆధారపడతాయి. ఒక ప్రోగ్రాం ఒప్పుకోవచ్చా లేదా అన్నది నిర్వాహకులు ఇచ్చే డబ్బును బట్టి కాక, మర్నాడు మొదటి పీరియడ్‌లో మనం ఎలా నిలబడగలమన్నదాన్ని బట్టి తేల్చుకోవాలని నా నమ్మకం.

ప్రభుత్వ ఉపాధ్యాయులు ఆర్కెస్ట్రాలో వాయించడం నిబంధనలకు విరుద్ధమా?

అప్పుడప్పుడు వాయించడం విరుద్ధం కాదు. దాన్ని రెండో ఉద్యోగంగా మార్చుకోవడం విరుద్ధం. ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, అంటే కేంద్రంలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 1964లో వచ్చిన నియమాలు, ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారంలోకి గానీ మరొక ఉద్యోగంలోకి గానీ దిగడాన్ని నిషేధిస్తాయి. అయితే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనిని అప్పుడప్పుడు చేయడాన్ని ఈ నిషేధం నుండి వేరుచేసి చూస్తాయి. దానికి ఒక షరతు ఉంది: ఆ పని వల్ల విధి నిర్వహణ దెబ్బతినకూడదు. పై అధికారులు మానమని చెబితే మానవలసిందే.

ఇక్కడ మనం గుర్తించవలసిన తేడా ఒకటి ఉంది. మిత్రుల బృందంలో నెలకొకటో రెండో కచేరీలు చేసే ఉపాధ్యాయుడి పరిస్థితి వేరు. తన పేరు మీదనే బృందాన్ని నడుపుతూ, కరపత్రాలు అచ్చువేయించి, సౌండ్ సిస్టంతో సహా కాంట్రాక్టు మాట్లాడుకుని అడ్వాన్సులు తీసుకునే ఉపాధ్యాయుడి పరిస్థితి వేరు. రెండవది కళాసేవ అని మనం ఎంత చెప్పుకున్నా, అధికారుల దృష్టిలో అది వ్యాపారమే అవుతుంది. భార్య పేరు మీదనో తమ్ముడి పేరు మీదనో నడుపుతున్నామని చెప్పుకోవడం కూడా మంచి మార్గం కాదు, ఎందుకంటే కుటుంబ సభ్యుల వ్యాపారాన్ని కూడా ప్రభుత్వానికి తెలియజేయవలసి ఉంటుంది.

ఆచరణలో నేను చెప్పే సలహా ఇది. బృందంలో చేరిన వెంటనే, ఫలానా బృందంలో ఫలానా వాద్యం వాయిస్తున్నాననీ, పాఠశాల సమయాలకు, పరీక్షా విధులకు ఏ ఆటంకమూ రానివ్వననీ ప్రధానోపాధ్యాయుల ద్వారా పై అధికారికి ఒక లేఖ పెట్టి, దాని ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకుని భద్రపరచుకోవాలి. పారితోషికం తీసుకోదలిస్తే అనుమతి కోరుతూ ఆ విషయాన్ని కూడా అందులోనే స్పష్టంగా రాయాలి. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసినప్పుడు మనల్ని కాపాడేది ఈ కాగితమే.

ప్రైవేటు పాఠశాలలో పనిచేసేవారి సంగతి ఏమిటి?

వారికి ఈ నియమావళి వర్తించదు గానీ, నియామక పత్రంలో రాసిన షరతులు వర్తిస్తాయి. వేరే పని చేయకూడదన్న వాక్యం అందులో ఉందేమో చూసుకుని, ఉంటే యాజమాన్యంతో ముందే మాట్లాడుకోవాలి. ఆదివారం ప్రత్యేక తరగతులు, సాయంత్రం స్టడీ అవర్లు ఉండే కార్పొరేట్ పాఠశాలలో పనిచేసేవారికి నిజమైన అడ్డంకి సమయమే. అటువంటి చోట నెలకు ఒక్క ప్రోగ్రాం కంటే ఎక్కువ ఒప్పుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఒక ప్రోగ్రాం ఒప్పుకునే ముందు ఏమేమి చూసుకోవాలి?

నిర్వాహకులు ఫోనులో చెప్పే సమయం పాట మొదలయ్యే సమయం మాత్రమే. ఏడు గంటలకు కచేరి అంటే, నాలుగు గంటలకు వాద్యాలు వ్యానెక్కాలి, ఐదున్నరకు వేదిక మీద తీగలు కలపాలి, ఆరు గంటలకు సౌండ్ చూసుకోవాలి. బడి వదిలేది నాలుగు గంటలకో, ఆ తర్వాతో అయినప్పుడు, పట్టణం దాటి వెళ్లే పనిదినపు ప్రోగ్రాం లెక్క ప్రకారమే కుదరదు. సౌండ్ చెక్ సమయానికి మరొకరు మన కీబోర్డును కలిపి ఉంచగలిగితేనే అది సాధ్యం. మా బృందంలో ప్యాడ్స్ వాయించే తమ్ముడు ఆ పని చేస్తాడు. అటువంటి మనిషి లేని బృందంలో పనిదినాలలో ప్రోగ్రాం ఒప్పుకోవద్దని చెబుతాను.

ముగిసే సమయం ఇంకా ముఖ్యం. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ స్థలాలలో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక సందర్భాలలో అర్ధరాత్రి 12 వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, ఆ సడలింపు ఏడాదికి 15 రోజులు మించకూడదు. ఈ నియమాన్ని కొందరు కళాకారులు శత్రువుగా చూస్తారు. ఉపాధ్యాయులకు మాత్రం ఇది పెద్ద అండ అని నా అభిప్రాయం, ఎందుకంటే "పది గంటలకు మైకు కట్టేయాలి" అని చట్టమే చెబుతున్నప్పుడు మనం మొహమాటపడవలసిన అవసరం లేదు. పోలీసు అనుమతి ఎన్ని గంటల వరకు తీసుకున్నారో అడ్వాన్సు పుచ్చుకునేటప్పుడే అడగండి. అనుమతి పత్రం చూపించలేని నిర్వాహకుల దగ్గరికి పనిదినపు రాత్రి వెళ్లకండి.

సడలింపు ఉన్న రోజున కచేరి పదిన్నరకు ముగిసినా, తీగలు చుట్టి, పెట్టెలు సర్ది, నిర్వాహకులు పెట్టే భోజనం తిని బయలుదేరేసరికి పన్నెండవుతుంది. గంటన్నర ప్రయాణం ఉంటే ఇల్లు చేరేది ఒకటిన్నరకు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉపాధ్యాయుల హాజరును ముఖ గుర్తింపు యాప్‌లో నమోదు చేస్తున్నారు కాబట్టి, మర్నాడు పది నిమిషాలు ఆలస్యమైనా అది నమోదవుతుంది. అయితే నేను భయపడేది యాప్‌కు కాదు. పదో తరగతి పిల్లలకు కాంతి వక్రీభవనం చెప్పవలసిన ఉదయం, కళ్లు మండుతుంటే బోర్డు మీద బొమ్మ వేసేసి "చూసి వేసుకోండి" అని కూర్చోవడానికి భయపడతాను. అందుకే పనిదినానికి ముందు రాత్రి అయితే గంట ప్రయాణం లోపు ఊళ్లనే ఒప్పుకోవాలన్న హద్దు పెట్టుకున్నాను. మీ హద్దు వేరుగా ఉండవచ్చు. హద్దంటూ ఒకటి ముందే ఉండాలి.

ఏడాదిలో ఏ నెలలు అనుకూలం, ఏవి కావు?

బడి క్యాలెండరు, పంచాంగం రెండూ పక్కపక్కన పెట్టుకుని జూన్‌లోనే ఒకసారి చూసుకోవాలి. రెండు రాష్ట్రాలలోనూ వేసవి సెలవుల తర్వాత బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఆ వెంటనే వచ్చే ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. తెలంగాణలో బోనాల సందడి ఉన్నా, ఆంధ్ర ప్రాంతపు ఆర్కెస్ట్రాలకు ఇది ఖాళీ కాలమే. కొత్త తరగతులతో పరిచయం కుదుర్చుకోవడానికి, కొత్త పాటలు సాధన చేయడానికి దీనికి మించిన సమయం లేదు.

శ్రావణం నుండి మన ఓర్పుకు పరీక్ష మొదలవుతుంది. వినాయక చవితికి బడికి సెలవు ఒక్కరోజే, కానీ పందిళ్లలో కార్యక్రమాలు తొమ్మిది రాత్రులు ఉంటాయి, బృందానికి ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఆ రాత్రులలోనే వస్తుంది. 2025లో చవితి ఆగస్టు 27న వచ్చింది, సెప్టెంబరు 5 నాటి ఉపాధ్యాయ దినోత్సవం నవరాత్రుల చివర్లో పడింది. ఆ తొమ్మిది రాత్రులూ వాయించి పగలు పాఠాలు చెప్పడం ఏ మనిషికీ సాధ్యం కాదు. శని, ఆదివారాలను, చవితి నాటి సెలవును తీసుకుని మిగిలిన రాత్రులను మరొక కీబోర్డు కళాకారుడికి అప్పగించడమే మార్గం. దసరాకు అసలైన వెసులుబాటు ఉంటుంది, ఎందుకంటే బడికి వరుసగా సెలవులు వస్తాయి. సంక్రాంతి కూడా అంతే.

కార్తిక మాసంలో వనభోజనాలు ఎక్కువగా ఆదివారాలలో, అదీ పగటిపూట జరుగుతాయి. సాయంత్రానికి ఇంట్లో ఉండవచ్చు కనుక ఇవి ఉపాధ్యాయులకు అన్నివిధాలా అనువైన ప్రోగ్రాములు. అదే కాలంలో వచ్చే అయ్యప్ప పడిపూజలు మాత్రం ఎప్పుడు ముగుస్తాయో చెప్పలేం. మాఘ మాసపు పెళ్లిళ్లు, మహాశివరాత్రి జాగారం కచేరీలు, శ్రీరామనవమి పందిళ్లు వరుసగా వచ్చే కాలమే పదో తరగతి చివరి పునశ్చరణకు, పబ్లిక్ పరీక్షలకు కూడా కాలం. జాగారం కచేరి తెల్లవారుజామున ముగుస్తుంది, మర్నాడు బడి ఉంటుంది. పదో తరగతికి బోధించేవారు జనవరి చివరి నుండి పరీక్షలు ముగిసే వరకు పనిదినపు ప్రోగ్రాములు పూర్తిగా వదులుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్, అంటే పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దే పని, ఉత్తర్వు వస్తుంది, దాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఆ తర్వాత మే నెలలో వైశాఖ ముహూర్తాలు, వేసవి సెలవులు కలిసివస్తాయి. ఏడాది పొడవునా వదులుకున్నదాన్ని అప్పుడు ఆనందంగా తిరిగి తెచ్చుకోవచ్చు.

కచేరీల కోసం సెలవు పెట్టవచ్చా?

క్యాజువల్ సెలవు మన సొంత పనుల కోసమే కాబట్టి పెట్టవచ్చు, కానీ అది మంజూరైతేనే సెలవు. ఉద్యోగికి ఏడాదికి 15 క్యాజువల్ సెలవులు ఉంటాయి. ఇంట్లో జ్వరాలు, బంధువుల శుభకార్యాలు, పిల్లల చదువు పనులు అన్నీ వాటిలోనే సర్దుకోవాలి. కచేరీలకు నాలుగైదు మించి కేటాయిస్తే ఏడాది చివర ఇబ్బంది తప్పదు. కచేరి జరిగే రోజు మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టడం కంటే, మర్నాటి ఉదయం సగం రోజు పెట్టడమే చాలాసార్లు మేలు. అనారోగ్యం పేరుతో సెలవు పెట్టి వేదిక ఎక్కడం మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ చేయకూడదు. ఈ రోజుల్లో ప్రతి పాటా ఎవరో ఒకరి ఫోనులో వీడియోగా మిగిలిపోతుంది. అది పక్కన పెట్టినా, పిల్లలకు నిజం చెప్పమని బోధించే మనిషికి అది తగదు.

రోజూ సాధనకు సమయం ఎలా దొరుకుతుంది?

విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయుల పనిగంటలను, పాఠం తయారీతో కలిపి, వారానికి కనీసం 45గా చెబుతుంది. ఆపైన రికార్డుల పని, ఆన్‌లైన్ నమోదులు ఉంటాయి. అందువల్ల రోజుకు రెండు గంటల సాధన అన్న కళాశాల రోజుల లెక్క ఇక పనికిరాదు. దానికి బదులు, ఏం సాధన చేస్తున్నామన్నది మారాలి.

ఆర్కెస్ట్రా కీబోర్డు కళాకారుడికి నిజంగా పట్టుబడవలసినవి పాట ముందు వచ్చే బిట్, చరణాల మధ్య వచ్చే సంగీతం, పాడేవారి శృతికి తగ్గట్టు స్వరస్థానం మార్చుకోవడం, ఈ మూడే. పల్లవి, చరణాల కింద వాయించే కార్డ్స్ అనుభవంతో వచ్చేస్తాయి. కాబట్టి రాత్రి ఇరవై నిమిషాలు దొరికితే, మొత్తం పాట వాయించుకుని సంతోషపడకుండా, తడబడే ఒక్క బిట్‌ను సగం వేగంలో పదిసార్లు వాయించాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంట్లో వాళ్ల నిద్ర చెడదు. తబలా, డోలక్ వాయించేవారికి ఈ సౌకర్యం లేదు; వారు తొడ మీదో దిండు మీదో వేళ్లాడిస్తూ నోటితో బోలు (దరువు అక్షరాలు) చెప్పుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ మంచి పద్ధతి. కొత్త పాటలను బడికి వెళ్లే దారిలో వినవచ్చు. స్కూటరు మీద వెళ్లేవారు మాత్రం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోకండి. బస్సులో వెళ్లేవారికే ఈ సలహా.

బృందమంతా కలిసే రిహార్సల్ వారానికి ఒకటి చాలు, అది కూడా శనివారం సాయంత్రమో ఆదివారం ఉదయమో పెట్టుకోవాలి. ఎవరి భాగాన్ని వారు ఇంట్లో నేర్చుకుని రావాలనీ, రిహార్సల్ అంటే కలిపి వాయించడానికి మాత్రమేననీ నియమం పెట్టుకుంటే రెండు గంటల్లో ఎనిమిది, తొమ్మిది పాటలు తేలుతాయి.

రోజంతా పాఠం చెప్పి సాయంత్రం పాడితే గొంతు నిలుస్తుందా?

నిలుస్తుంది, కానీ దానంతట అది నిలవదు. పాఠం చెప్పేటప్పుడు వాడేదీ పాడేటప్పుడు వాడేదీ ఒకే స్వరపేటిక. యాభైమంది పిల్లల తరగతిలో, పైన ఫ్యాను చప్పుడు చేస్తుంటే, మనకు తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడతాం. గాయకులైన ఉపాధ్యాయులకు అసలు నష్టం అక్కడే జరుగుతుంది. ప్రోగ్రాం ఉన్న రోజున రాతపని, బృందకృత్యాలు, పిల్లలే బయటికి చదివే పాఠాలు పెట్టుకుని గొంతును మిగుల్చుకోవచ్చు. పిల్లల దృష్టి మళ్లించడానికి అరవడం మాని చప్పట్లతో ఒక లయ వేసి, అదే లయను వారిచేత తిరిగి వేయించడం అలవాటు చేసుకుంటే, గొంతూ మిగులుతుంది, తరగతీ నిశ్శబ్దమవుతుంది. పీరియడ్‌కు పీరియడ్‌కు మధ్య నీళ్లు తాగాలి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకోవడం పొరపాటు. మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడడమే నయం. బొంగురు రెండు మూడు వారాలకు మించి తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టుకోకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించాలి.

చెవుల సంగతి దీనికంటే ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే పాడైన గొంతు చాలావరకు బాగుపడుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. 85 డెసిబెల్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కు ఆ సమయం సగానికి తగ్గుతుందనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ లెక్కన 100 డెసిబెల్ దగ్గర భద్రంగా ఉండగలిగేది 15 నిమిషాలే. మన పందిళ్లలో పెద్ద బాక్సుల పక్కన శబ్దం ఆ స్థాయిని తేలికగా చేరుతుంది. సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి. అవి శబ్దాన్ని అన్ని స్థాయిలలో దాదాపు సమంగా తగ్గిస్తాయి కాబట్టి శృతి వినబడుతూనే ఉంటుంది. బాక్సుల వరసకు వెనుకగా కూర్చోవడం, మానిటర్ శబ్దం తగ్గించమని మిక్సర్ దగ్గరున్నవారిని అడగడం డబ్బు ఖర్చులేని జాగ్రత్తలు. మర్నాడు తరగతిలో వెనుక బెంచీ పిల్లవాడు మెల్లగా అడిగిన సందేహం మనకు వినబడాలి. కచేరి మర్నాడు కూడా చెవిలో గుయ్యిమంటూ ఉంటే దాన్ని హెచ్చరికగానే తీసుకోవాలి.

వచ్చిన పారితోషికానికి పన్ను కట్టాలా?

జీతంతో పాటు ఆ ఆదాయాన్ని కూడా రిటర్నులో చూపించాలి. చేతికి నగదు ఇచ్చారా, ఫోన్‌పేలో వేశారా అన్నదానితో సంబంధం లేదు. తేదీ, ఊరు, వచ్చిన మొత్తం, ప్రయాణ ఖర్చు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే ఏడాది చివర తడుముకోనక్కరలేదు.

సినిమా పాటలు వాయించడానికి అనుమతి కావాలా?

బహిరంగ ప్రదర్శనకు సాధారణంగా కావాలి. గీత రచయితలు, సంగీత దర్శకులు, ప్రచురణకర్తల తరఫున లైసెన్సులిచ్చే ఐ.పి.ఆర్.ఎస్. 1969 నుండి పనిచేస్తోంది. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు విదేశాలలో కచేరీలు చేస్తున్నప్పుడు తాను స్వరపరచిన పాటలు అనుమతి లేకుండా పాడరాదని ఇళయరాజా గారు నోటీసు పంపిన నాటి నుండి మన ఆర్కెస్ట్రా బృందాలలో ఈ విషయం మీద అవగాహన పెరిగింది. లైసెన్సు తీసుకునే బాధ్యత నిర్వాహకులదేనని ఒప్పందంలోనే రాసుకోవడం మంచిది.

కాపీరైటు చట్టం కొన్ని మినహాయింపులు ఇచ్చింది. మతపరమైన వేడుకలు, పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన సామాజిక వేడుకలు అందులో ఉన్నాయి. బడి కార్యక్రమంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రదర్శించి, ప్రేక్షకులు కూడా బడివారు, తల్లిదండ్రులే అయినప్పుడు దానికీ మినహాయింపు ఉంది. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసుల రచనలకు ఈ చిక్కే లేదు.

రాజకీయ సభలలో, ఎన్నికల ప్రచారంలో బృందం వాయిస్తే నేనూ వెళ్లవచ్చా?

ప్రభుత్వ ఉపాధ్యాయులు వెళ్లకూడదు. ఉద్యోగులు రాజకీయ కార్యకలాపాలలో పాల్గొనడాన్ని ప్రవర్తనా నియమావళి స్పష్టంగా నిషేధిస్తుంది, పైగా ఎన్నికల విధులు నిర్వహించేది మనమే. "నేను వాయించాను, ప్రసంగించలేదు" అన్న వాదన నిలబడదు. ఆ కార్యక్రమానికి మరొకరిని పంపమని బృంద నాయకుడికి ముందే చెప్పాలి.

విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ప్రేక్షకులలో ఉంటే ఇబ్బంది కాదా?

నాకు అది ఎప్పుడూ గౌరవంగానే అనిపించింది. తరగతిలో ముభావంగా ఉండే పిల్లవాడు మర్నాడు దగ్గరికి వచ్చి "సార్, రాత్రి ఆ పాట బాగా వాయించారు" అంటే, ఆ తర్వాత అతడికి పాఠం చెప్పడం కూడా తేలికవుతుంది. అయితే కొన్ని విషయాలలో పట్టుదల అవసరం. ద్వంద్వార్థాల పాటలకు, అసభ్యమైన నృత్యాలు ఉండే కార్యక్రమాలకు మనం వాయించకూడదు. బృందంలో చేరేటప్పుడే ఈ మాట చెప్పాలి. తాగి వేదిక దగ్గరికి వచ్చేవారు కోరిన పాట వాయించకపోతే గొడవ అవుతుందనిపించే ఊళ్లకు రెండోసారి వెళ్లకూడదు. వేదిక మీద "మన హైస్కూలు మాస్టారు" అని పరిచయం చేయించుకోకుండా పేరుతో మాత్రమే పరిచయం చేయించుకోవడం మంచిది, ఎందుకంటే అక్కడికి మనం బడి తరఫున వెళ్లలేదు. విద్యార్థులు కనిపించే వీడియోలను సామాజిక మాధ్యమాలలో పెట్టవద్దు.

బృందంలో మిగిలినవారికి ఇదే జీవనాధారం. వారితో ఎలా ఉండాలి?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, ఎక్కువమంది అడగాలి. మనకు నెల మొదట్లో జీతం పడుతుంది. పక్కన తబలా వాయించే అన్నకు, పాడే అమ్మాయికి ఆ రాత్రి వచ్చేదే ఆ వారపు ఇంటి ఖర్చు. 2020లో కోవిడ్ వల్ల పెళ్లిళ్లు, పండుగలు ఆగిపోయినప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో అందరం చూశాం.

అందువల్ల, సరదాకు వాయిస్తున్నాం కదా అని ఉచితంగానో తక్కువకో ఒప్పుకోవడం ఉదారత అనిపించినా, అది తోటి కళాకారుల కూటికి గండికొడుతుంది. "మాస్టారు ఊరికే వస్తారు, మీకెందుకు అంత?" అని నిర్వాహకులు అడిగితే సమాధానం చెప్పుకోవలసింది వారు. అనుమతి తీసుకుని, అందరితో సమానంగా పారితోషికం తీసుకోండి. మీకు అక్కరలేదనిపిస్తే మీ వాటాను బృందానికి తీగలు, కేబుళ్లు కొనడానికి ఇవ్వండి. నిర్వాహకులకు మాత్రం తగ్గించవద్దు. పూర్తికాల కళాకారుడు అందుబాటులో ఉన్న చోట అతడిని పక్కకు నెట్టి మనం వెళ్లకూడదన్నది కూడా నా అభిప్రాయం. ఒప్పుకున్న తేదీని చివరి క్షణంలో ఇన్విజిలేషన్ పేరు చెప్పి వదిలేస్తే నష్టపోయేది కూడా వారే. పరీక్షల కాలంలో ఒప్పుకోక తప్పని ప్రోగ్రాం ఉంటే, మన స్థానంలో వాయించగల వ్యక్తిని ముందే మాట్లాడి పెట్టాలి, మన పాటల పుస్తకాన్ని, ఏ పాట ఏ శృతిలో అన్న వివరాలను అతడికి అందించాలి.

ఉపాధ్యాయినులకు ప్రత్యేకంగా ఏమైనా చెప్పవలసింది ఉందా?

ఉంది. మా బృందంలో పాడే ఒక టీచరమ్మ, బడి నుండి ఇంటికి వెళ్లి, రాత్రి వంట ముగించి, పిల్లల హోంవర్కు చూసి, అప్పుడు వేదిక ఎక్కుతారు. మగవారికి ఉద్యోగం, సంగీతం మధ్య సమతూకమే సమస్య అయితే, ఉపాధ్యాయినులకు ఇంటిపని అనే మూడవ బరువు కూడా ఉంటుంది, దాన్ని ఇంట్లోవాళ్లు పంచుకోకపోతే ఏ సలహా పనిచేయదు. బృందం చేయగలిగింది ఒకటి ఉంది. ఆమె పాటలను ముందు సగంలో పెట్టి, తొమ్మిదిన్నరకు ఇంటికి చేర్చే ఏర్పాటు నిర్వాహకుల ఖర్చుతో చేయించాలి. దుస్తులు మార్చుకోవడానికి తాళం వేసుకోగల గది, మరుగుదొడ్డి ఉన్నాయా అన్నది కూడా అడ్వాన్సు తీసుకునేటప్పుడే అడగాలి, అదీ బృందంలోని మగవారే అడగాలి.

ఇంటి దగ్గర పిల్లలకు ఫీజు తీసుకుని కీబోర్డు నేర్పవచ్చా?

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు గానీ ప్రైవేటు బోధన గానీ చేయకూడదు. సంగీతం కదా అని దీన్ని తేలికగా తీసుకోవద్దు. బడిలోనే, మధ్యాహ్న విరామంలోనో సాయంత్రం ఆటల పీరియడ్‌లోనో ఆసక్తి ఉన్న పిల్లలకు ఉచితంగా నేర్పండి. ప్రార్థన గీతాన్ని శృతిలో పాడే చిన్న బృందం తయారైనా బడి వాతావరణమే మారుతుంది.

సంగీతం నా పాఠానికి ఉపయోగపడుతుందా?

నా బోధనలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన భాగం ఇదే. గిటారు తీగను సరిగ్గా సగం దగ్గర, అంటే 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. పౌనఃపున్యం రెట్టింపైందన్న మాటను పిల్లలు చెవులతో విని తెలుసుకుంటారు. 440 హెర్ట్జ్ స్వరాన్ని, 880 హెర్ట్జ్ స్వరాన్ని ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తే బోర్డు మీద సూత్రం రాయక ముందే సగం పాఠం అయిపోతుంది. తెలుగు బోధించే మిత్రులు ఛందస్సుకు లయను వాడుకుంటారు. భ ర న భ భ ర వ అన్న ఉత్పలమాల గణాలను గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒక మాత్ర చొప్పున బల్ల మీద తాళం వేయిస్తే, గణవిభజన అంటే భయపడే పిల్లలు కూడా పద్యపు నడకను పట్టుకుంటారు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారే తొలి అధ్యక్షులు. గజ్జె కట్టి వేదిక మీద హరికథ చెప్పిన మనిషే విద్యార్థులకు గురువుగా నిలిచారు. బోధన, ప్రదర్శన ఒకే మనిషిలో ఇమడడం మన ప్రాంతంలో పాత సంగతి.

అమెరికాలోని తెలుగు సంఘాలు ఆహ్వానిస్తే వెళ్లవచ్చా?

ప్రభుత్వ ఉద్యోగులు దేశం దాటడానికి ముందస్తు అనుమతి తీసుకోవాలి. పర్యాటక వీసా మీద వెళ్లి డబ్బు తీసుకుని కచేరి చేయడం అక్కడి నిబంధనలకు విరుద్ధం, కాబట్టి ఏ వీసా ఏర్పాటు చేస్తున్నారో ముందే అడగాలి. తేదీలు కూడా చూసుకోండి: 2023లో ఫిలడెల్ఫియాలో, 2025లో మిషిగన్‌లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు జులై మొదటి పక్షంలోనే జరిగాయి, అప్పటికి మన బడులు తెరిచి మూడు వారాలు దాటుతుంది. మే నెలలో జరిగే ప్రాంతీయ సంఘాల కార్యక్రమాలు మనకు వీలైనవి.

దూరం బదిలీ అయితే బృందాన్ని వదిలేయాలా?

వారపు రిహార్సల్‌కు రాలేనంత దూరమైతే, శాశ్వత సభ్యుడిగా తప్పుకుని సెలవుల్లో వచ్చే కళాకారుడిగా ఉండడం బృందానికి న్యాయం. కొత్త ఊళ్లో చేరిన మొదటి మూడు నెలలు ఏ బృందంలోనూ చేరకుండా బడి మీదనే దృష్టి పెట్టండి. పిల్లలు, సహోపాధ్యాయులు, గ్రామస్థులు మిమ్మల్ని ముందు ఉపాధ్యాయుడిగా ఎరగాలి. ఈలోగా ఆ ఊరి రామాలయంలో శనివారం భజన జరుగుతుంటే వెళ్లి ఒక మూల కూర్చుని తాళం వేయండి. హార్మోనియం ఎవరు వాయిస్తున్నారో, డోలక్ ఎవరి దగ్గర ఉందో, చుట్టుపక్కల ఏ బృందాలు ఉన్నాయో అక్కడే తెలుస్తుంది. అడగవలసిన అవసరం లేకుండానే వారే మిమ్మల్ని రిహార్సల్‌కు పిలుస్తారు.